రెండు వేళ్ల సందు

పోయినవారం మేస్త్రిని మనం షెడ్డు గేటు దగ్గర, చేతిలో ఫోనుతో వదిలేశాం. ఆ ఫోనులో కూతురు పంపిన మెసేజ్ ఉంది: "నాన్నా, ఇవాళ వస్తున్నా. ఎవరికీ చెప్పకు." గేటు ముందు అల్లుడి కారు ఆగి ఉంది. అందులోంచి అల్లుడు దిగాడు. కూతురు దిగలేదు.

ముప్పై ఏళ్లపాటు కార్ల రేకులు సరిచేస్తూ, ఆ సుత్తి చప్పుడుకి మేస్త్రి తన రెండు చెవులూ దాదాపు పోగొట్టుకున్నాడు. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి అర్థం చేసుకుంటాడు. అందుకే కూతురు ఫోన్ చెయ్యదు, రాస్తుంది. ఆమె రాసింది చదివి గంట కాలేదు, అల్లుడు వచ్చాడు. కారు లోపల పెట్టి, గేటుకి తనే గొలుసు బిగించి తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు. పొద్దున తను స్నానం చేసి వచ్చేసరికి ఆమె ఇంట్లో లేదట. ఎక్కడికి పోయినా ఆఖరికి పుట్టింటికే వస్తుందని, వచ్చేదాకా కూర్చుంటానని చెప్పాడు. ఊరికే కూర్చోవడం దేనికి, బండి పనికి ఇవాళ రమ్మన్నది మీరేగా, కానివ్వండి అన్నాడు.

గేటుకి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. గేటుకీ కారుకీ మధ్య పది అడుగులు.

మేస్త్రి కూడా గేటు వైపే చూశాడు. ఏ క్షణాన అయినా కూతురు వచ్చి ఆ గేటు తడుతుంది. తట్టినా తనకి వినపడదు. వినేది అల్లుడే, గొలుసు తీసేదీ అల్లుడే. రెండేళ్ల కిందట ఆమె మణికట్టుకి కట్టుతో వచ్చి, బాత్రూంలో జారానంది. పోయిన ఏడాది అదే బాత్రూం, ఈసారి పక్కటెముక. బాత్రూం అంత జారుడైతే అల్లుడు ఒక్కసారైనా ఎందుకు పడలేదని మేస్త్రి అడగలేదు. అడగకుండా ఊరుకున్న ప్రతి రోజునీ ఇప్పుడు లెక్కపెట్టుకుంటున్నాడు.

అయితే ఒకటి. చేతికి పని దొరికితే మేస్త్రికి భయం తగ్గుతుంది. ఆయన పనిలోకి దిగాడు.

కారు నల్లటిది. స్ప్రింగులు కోసి కిందికి దించిన బండి. నేలని నాకుతూ పోయే రకం. దానికి అల్లుడు ఇప్పుడు మామూలు కంటే వెడల్పు టైర్లు వేయించాలంటాడు. నాలుగూ నిన్ననే తెచ్చి షెడ్డు గోడకి ఆనించి పెట్టారు. తెచ్చిన టైరు షాపతను వాటిని చూసి, పీటకి ఏనుగు కాళ్లు అతికించినట్టుంటుంది మేస్త్రీ అని నవ్వి పోయాడు. నవ్వులాట ఎలా ఉన్నా, చిక్కు నిజమైనదే. దించిన బండికి వెడల్పు టైరు వేస్తే గుంతలో పడ్డప్పుడల్లా టైరు వెళ్లి చక్రం మీది ఫెండర్ రేకు అంచుకి రాసుకుంటుంది. ఫెండర్ లోపలి అంచు కత్తిలా ఉంటుంది. నాలుగు రోజుల్లో టైరుని చీల్చి పారేస్తుంది.

దానికి రెండు మార్గాలు. ఇబ్బంది కొంచెమే అయితే రంగు పగలకుండా రేకుని వేడిచేసి, ఆ అంచుని లోపలికి మడిచేస్తారు. ఎక్కువైతే చక్రం మీది వంపు మొత్తం కోసి, రేకుని బయటికి లాగి, కొత్త పట్టీ అతుకుతారు. వెనక చక్రాల దగ్గర ఆ రెండో పని చేసేటప్పుడు భద్రం. ఆ వంపు వెనకాలే ఒక్క పొర రేకు, దాని వెనకాలే డిక్కీ. అందుకే షెడ్డు గోడ మీద ఎర్ర రంగుతో, తన చేత్తోనే మేస్త్రి రాసి పెట్టుకున్నాడు: డిక్కీ ఖాళీ చేయనిదే కట్టర్ పెట్టబడదు. ఒకప్పుడు ఎవరిదో పరుపు డిక్కీలో ఉండిపోయి, నిప్పురవ్వ పడి బండి సగం కాలిపోయింది. ఆ రోజు నుంచి ఆ అక్షరాలు గోడ మీద ఉన్నాయి. ఈ రూలు ఎంత పెద్దమనిషి బండికైనా తప్పలేదు.

డిక్కీ తీస్తారా అని మేస్త్రి అడగనే అడిగాడు. ఆ బండికి డిక్కీ మీద తాళం కన్నం లేదు. అందం కోసం దాన్ని పూడ్పించి నున్నగా రంగు వేయించాడు అల్లుడు. లోపల, డ్రైవరు సీటు పక్కన ఉన్న మీట లాగితేనే తెరుచుకుంటుంది. అల్లుడు గేటు మీంచి కళ్లు తిప్పకుండానే, ముందు గీతలు గియ్యండి, కోసేటప్పుడు చూద్దాం అన్నట్టు చెయ్యి ఊపాడు.

మేస్త్రి వెనక ఎడమ చక్రం దగ్గర కూర్చుని, టైరుకీ ఫెండర్‌కీ మధ్య సందులోకి వేళ్లు దూర్చాడు. స్కేలు కంటే ఆయనకి వేళ్లే నమ్మకం. మూడు వేళ్లు పట్టాల్సిన చోట రెండే పట్టాయి. కుడివైపుకి వెళ్లి చూశాడు. అక్కడ సులువుగా మూడు.

పనివాడి నోరు ఊరుకోదు. ఎంత భయంలో ఉన్నా, తనకి తెలిసింది చెప్పకపోతే నోరు దురద పెడుతుంది. మేస్త్రి చేసిన తప్పు అదే. కారు చుట్టూ తిరిగి వచ్చి, ఎడమ స్ప్రింగు నీరసించింది బాబూ, ఒక వేలు దిగింది, ఆ లెక్కన గీత కూడా ఒక వేలు పైకి గీస్తాను అన్నాడు.

అల్లుడు మొదటిసారి గేటు మీంచి కళ్లు తిప్పాడు.

"నా బండి స్ప్రింగా? నిన్న సాయంత్రం కడిగినప్పుడు కూడా చూశా మావయ్యా. నాలుగు వైపులా మూడు వేళ్లు. నేను రోజూ చూసుకుంటా."

అబద్ధం కాదు. అతను భార్య ముఖం ఎన్నాళ్లకోసారి చూస్తాడో గాని, ఆ సందు మాత్రం రోజూ చూసుకుంటాడు. రాత్రికి రాత్రే దిగి ఉండొచ్చు, కోసిన స్ప్రింగులు అంతే బాబూ అని మేస్త్రి సర్దిచెప్పి, చెవి మీది సుద్దముక్క తీసి, మామూలు కంటే ఒక వేలు పైగా గీత గీశాడు. అక్కడ కోస్తే కట్టర్ డిక్కీ గోడని తాకుతుందని తెలుసు. డిక్కీ ఖాళీ చేసే కదా కోసేది అనుకున్నాడు.

తరవాత, కోసేటప్పుడు రంగు పగలకుండా, వేడిగాలి చిమ్మే హీట్ గన్ పెట్టి గీత పొడవునా వేడిచేశాడు. రేకు ఎంత వేడెక్కిందో చూడాలంటే అరచెయ్యి ఆనించి చూడాలి. కళ్లు మూసుకుని ఆనించాడు. చెవులు పోయాక ఆయనకి రేకు మాట్లాడేది అరచేతితోనే. సొట్ట ఎక్కడుంది, పుట్టీ ఎంత మందం ఉంది, లోపల తుప్పు తినేసిందా, అన్నీ ఆ చెయ్యే చెబుతుంది.

ఇవాళ ఆ చెయ్యి ఇంకోటి చెప్పింది.

లోపలినుంచి ఒక దెబ్బ. చిన్నది, వేలి కణుపుతో కొట్టినంత. కాసేపు ఆగి, మళ్లీ ఒకటి.

మేస్త్రి కళ్లు తెరవలేదు. తెరిస్తే ముఖం బయటపడిపోతుందని ఆ క్షణంలో ఎలా తోచిందో ఆయనకే తెలియదు.

ఒకటి అంటే "ఇక్కడ".

ఆ భాష ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. కూతురికి ఎనిమిదేళ్లున్నప్పటి నుంచి పెళ్లయ్యేదాకా, సెలవు రోజుల్లో మేస్త్రికి లోపలి చెయ్యి ఆమే. సొట్ట తీయాలంటే రేకుకి అవతలివైపు ఎవరో ఒకరు ఇనుప దిమ్మె ఆనించి పట్టుకోవాలి, ఇవతలినుంచి సుత్తి పడాలి. పెద్దవాళ్ల చేతులు పట్టని సందుల్లోకి ఆమె పాములా దూరేది. తండ్రి చెవులు అప్పటికే సగం పోయాయి, అరిచి లాభం లేదు. అందుకని దిమ్మెతో రేకుని తట్టడం నేర్చుకున్నారు. ఒకటి: ఇక్కడున్నాను. రెండు: కానివ్వు. మూడు: ఆగు. ఒకసారి ఆమె మూడు కొట్టినా మేస్త్రి చూసుకోక సుత్తి వేశాడు. ఆమె చిటికెన వేలి గోరు ఇప్పటికీ వంకర.

పిచ్చుక అని పిలిచేవాడు. అంత చిన్న సందులోకి వెళ్లి కూర్చునేది మరి.

అంతా ఒక్కసారిగా అర్థమైంది. అల్లుడు స్నానానికి వెళ్లాడు. గేటు దాటి పరుగెత్తితే రెండు వీధుల్లో దొరికిపోతుంది. కానీ వాకిట్లో ఉన్న బండి ఇవాళ పొద్దున ఎక్కడికి వెళ్తుందో ఆమెకి తెలుసు. మీట లాగి, డిక్కీలో పడుకుని, మూత లాక్కుంది. వస్తున్నా నాన్నా అని రాసి, మోగితే పట్టిస్తుందని ఫోను ఇంట్లోనే వదిలేసి, పులి వీపెక్కి పులితోనే వచ్చింది. లోపలినుంచి తెరవడానికి దారి లేదు. ఎడమవైపు ముడుచుకుని పడుకుంది. స్ప్రింగు నీరసించలేదు. ఆ ఒక వేలూ తన కూతురి బరువు.

ఆ బరువు సంగతి తనే నోరారా చెప్పాడు. గీత ఆమె మీదే గీశాడు. ఇప్పటిదాకా వేడి కూడా పెట్టాడు.

మేస్త్రి హీట్ గన్ ఆపాడు. పుట్టీ ఉందేమో చూస్తున్నవాడిలా వేలి కణుపుతో ఫెండర్ మీద మూడు సార్లు తట్టాడు. ఆగు. లోపలినుంచి ఒకటి వచ్చింది. బతికే ఉంది, తెలివిలో ఉంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. వేడికి అన్నట్టు మోచేత్తో తుడుచుకున్నాడు.

లేచి చూస్తే అల్లుడు స్టూలు మీద లేడు. రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు.

ఎందుకు తట్టారని అడిగాడు. పాత పుట్టీ ఉందేమోనని చూశానని మేస్త్రి చెప్పాడు. ఏం తేలిందని అడిగాడు. మేస్త్రి పెదవులు తడుపుకుని, ఈ బండికి కోత అక్కర్లేదు, రేకు మంచిది, అంచు మడిస్తే చాలు అన్నాడు. అని, తన మాట తనకే వినపడకపోయినా, అది ఎంత డొల్లగా పలికిందో అల్లుడి ముఖంలో చూశాడు.

"ఇందాక కొయ్యకపోతే టైరు చీలిపోతుందన్నారు."

"అన్నాను బాబూ. మళ్లీ చూస్తే..."

"ఒక వేలు పైకి కొయ్యాలని కూడా అన్నారు." అల్లుడు చాలా మర్యాదగా మాట్లాడతాడు. ఆరేళ్లలో మామగారిని ఒక్కసారి కూడా నువ్వు అనలేదు. ఆ మర్యాద చూసే మేస్త్రి పిల్లనిచ్చాడు. "కొయ్యండి మావయ్యా. పని సగంలో ఆపే అలవాటు మీకు లేదని మీ అమ్మాయి గొప్పగా చెబుతుందండి."

మేస్త్రి కిందికి చూశాడు. ఊరికే, ఎటో అటు చూడాలని. అప్పుడు కనపడింది. ఎడమ ఫెండర్ మెల్లగా, కంటికి ఆననంత మెల్లగా పైకి లేస్తోంది. వాకిట్లో నీడ జరిగినట్టు. ఆమె లోపల దొర్లుతోంది. కోత మాట విన్నది. ఎడమ పక్కనే కోస్తారని విన్నది. తండ్రి చేతికి అడ్డం లేకుండా కుడివైపుకి జరుగుతోంది, చిన్నప్పుడు సుత్తికి అడ్డం తప్పుకున్నట్టే.

అప్పుడు మేస్త్రికి ఒక ఆలోచన తట్టింది. గొప్ప ఆలోచన కాదు. మునిగేవాడికి గడ్డిపరక. కోతకి ఒప్పుకుంటే డిక్కీ తెరవక్కర్లేకుండా కొంతసేపు గడుస్తుంది. ఎడమవైపు ఖాళీ, గీత కంటే కిందగా జాగ్రత్తగా కోస్తే ఆమెకి దెబ్బ తగలదు. పైగా కట్టర్ చేతిలో ఉన్నంతసేపు తను ఒట్టి చేతుల ముసలాడు కాడు.

సరే కోస్తానన్నాడు. గాలితో తిరిగే కట్టర్ తీసి గొట్టం తగిలించాడు.

అల్లుడు డ్రైవరు తలుపు వైపు నడవబోయాడు. డిక్కీ తీస్తాను ఆగండి అన్నాడు.

"వద్దు బాబూ." మేస్త్రి తొందరపడ్డాడు. "చిన్న కోతే. డిక్కీ తెరవక్కర్లేదు."

అల్లుడు ఆగాడు. మెడ తిప్పి గోడ వైపు చూశాడు. ఎర్ర అక్షరాలని ఒక్కొక్క మాటే, మేస్త్రికి పెదవులు బాగా కనపడేలా చదివాడు.

"డిక్కీ... ఖాళీ... చేయనిదే... కట్టర్... పెట్టబడదు." చిన్నగా నవ్వాడు. "ఈ రూలు కోసం మీరు ఒక పోలీసాయన బండినే వెనక్కి పంపారట కదండీ. పెళ్లిలో మీవాళ్లంతా అదే కథ."

"రూలు బయటివాళ్లకి. అల్లుడి బండికి రూలేంటి."

ఆ జవాబు బాగానే కుదిరిందనుకున్నాడు మేస్త్రి. అల్లుడు కూడా తల ఊపాడు, ఒప్పుకున్నట్టే. మళ్లీ స్టూలు వైపు రెండడుగులు వేశాడు. మేస్త్రి ఊపిరి వదిలి, కట్టర్ పనిచేస్తోందో లేదో చూడటానికి మీట నొక్కాడు. గాలి తగ్గగానే మూలన ఉన్న పాత కంప్రెసర్ దానంతటదే మొదలైంది. అది మొదలైతే షెడ్డులో ఎవరి మాటా ఎవరికీ వినపడదని ఇరుగుపొరుగు గోల. మేస్త్రికి మాత్రం కాళ్ల కింది నేల అదరడమే తెలుస్తుంది. అదురు తెలిసింది.

అల్లుడు స్టూలు దాకా వెళ్లలేదు. మధ్యలో ఆగిపోయాడు. ఏదో లెక్క గుర్తొచ్చినవాడిలా వెనక్కి తిరిగాడు. వచ్చి, ఎడమ చక్రం ముందు గొంతుక్కూర్చుని, సందులోకి వేళ్లు పెట్టాడు.

మూడు పట్టాయి.

ఇందాక రెండు అన్న చోట, జాకీతో ఎత్తకుండా, ఎవరూ ముట్టుకోకుండా, మూడు. అతను ఆ మూడు వేళ్లనీ కాసేపు చూసుకున్నాడు. తలెత్తి మేస్త్రిని చూశాడు. లేచి, తొందరేమీ లేకుండా కారు వెనకనుంచి కుడివైపుకి నడిచాడు. డిక్కీ మూత మీద వేళ్లు రాసుకుంటూ వెళ్లాడు, దుమ్ము ఉందేమో చూసుకుంటున్నట్టు. కుడి చక్రం దగ్గర మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ వేళ్లు.

లేచినప్పుడు రెండు వేళ్లు పైకెత్తి చూపించాడు.

మేస్త్రి చేతిలో కట్టర్ బరువెక్కింది. ఏదో ఒకటి అనాలి. ఎగుడుదిగుడు నేల అనాలి, స్ప్రింగు సర్దుకుంది అనాలి. ఆ సందు సంగతి తెలియనివాడైతే నమ్మించొచ్చు. రోజూ వేళ్లు పెట్టి చూసుకునేవాడికి ఏం చెబుతాడు.

అల్లుడు రమ్మన్నట్టు వేలు ఆడించాడు. మేస్త్రి కాళ్లు వాటంతటవే నడిచాయి, గొట్టం ఈడ్చుకుంటూ. అల్లుడు చెయ్యి చాచి, ఆయన చెవి మీది సుద్దముక్క తీసుకున్నాడు, చిన్నపిల్లాడి చెవి మెలిపెట్టబోయి మానేసినంత మెత్తగా. వంగి కుడి ఫెండర్ మీద తనే గీత గీశాడు. ఒక వేలు పైకి కాదు. జానెడు పైకి. రేకు వెనక డిక్కీ నడుమ ఎక్కడుంటుందో సరిగ్గా అక్కడ, తాపీగా, వంకర లేకుండా.

అతను డిక్కీ మీట దగ్గరికి వెళ్లలేదు. డిక్కీ తెరవాలన్న ఆత్రమే అతనిలో లేదు.

కంప్రెసర్ అదురుతూనే ఉంది. అల్లుడు ముఖం దగ్గరగా తెచ్చి, పెదవులు స్పష్టంగా కదిలించాడు.

"ముందు ఇటువైపు కొయ్యి, మావయ్యా. డిక్కీ తెరవక్కర్లేదన్నావుగా."

ఆరేళ్ల మర్యాద ఆ ఒక్క మాటలో ఊడిపోయింది.

కొయ్యననాలని మేస్త్రి నోరు తెరిచాడు. కొయ్యనంటే ఉందని ఒప్పుకున్నట్టు. కోస్తే... ఎడమ చేతిని గీత మీద పెట్టాడు, ఆ గీతని అరచేత్తో చెరిపేస్తే కోత తప్పుతుందన్నట్టు. దాని పక్కనే, అదే రేకు మీద, అల్లుడు తన అరచెయ్యి ఆనించాడు. రెండు చేతులూ జానెడు దూరంలో.

ఆమెకి వినపడదు. ఈ హోరులో, ఆ చీకట్లో, గీత ఇటు మారిందని, తన వీపు దగ్గరికి వచ్చిందని ఆమెకి తెలియదు. తండ్రి ఇంకా ఎడమ చక్రం దగ్గరే ఉన్నాడనుకుంటోంది. కట్టర్ తిరిగింది, ఆగింది, నాన్న వెనకాడుతున్నాడనుకుంటోంది. వెనకాడే తండ్రికి చిన్నప్పటి నుంచి ధైర్యం చెప్పేది ఆమే. మూడు కొట్టి ఆపాలని మేస్త్రి వేలు మడిచాడు. కానీ ఆ రేకు మీద ఇప్పుడు ఒక్క చెయ్యి కాదు, రెండున్నాయి.

మడిచిన వేలు అలాగే ఉండిపోయింది.

సరిగ్గా గీత కిందినుంచి వచ్చింది. ఒక దెబ్బ. వెంటనే ఇంకొకటి.

రెండు. కానివ్వు నాన్నా.

అల్లుడి అరచెయ్యి రేకు మీద కదల్లేదు. అతని పెదవులు మాత్రం, లెక్కపెడుతున్నట్టు, రెండుసార్లు కదిలాయి.